ఫోన్ ఒక్కటి, పిల్లలు నలభై మంది: క్లాసులో ఏ క్విజ్ యాప్ పనికొస్తుంది? | రివ్యూ

నమస్కారం. పాఠం చెప్పాక "అర్థమైందా?" అని అడిగితే క్లాసంతా "అయింది సార్" అంటుంది. చేతులెత్తే నలుగురైదుగురిని అడిగితే సరైన జవాబే వస్తుంది. మిగతా ముప్పై అయిదు మంది సంగతి ఎఫ్‌.ఏ. (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్ష పేపర్లు దిద్దేదాకా బయటపడదు. అప్పటికి మనం రెండు పాఠాలు ముందుకెళ్లిపోయి ఉంటాం.

అందుకే ఈ రివ్యూలో యాప్‌లను ఒకే ఒక్క ప్రశ్నతో చూస్తున్నాం. ఎవరు, ఎక్కడ, ఎందుకు తప్పుతున్నారో పీరియడ్ అయ్యేలోపే టీచరుకు చెబుతుందా లేదా? రంగులు, పాటలు, బ్యాడ్జీల జోలికి పోవడం లేదు.

మొదట ప్లిక్కర్స్. మన బడుల్లో పిల్లల చేతిలో ఫోన్లు ఉండవు కాబట్టి దీనితోనే మొదలుపెట్టాలి. ఇందులో ఫోన్ టీచరుకు మాత్రమే కావాలి. పిల్లల దగ్గర ఉండేది కాగితం కార్డు. దాని మీద ఒక నల్లటి చదరపు గుర్తు, నాలుగు వైపులా చిన్న అక్షరాల్లో ఎ, బి, సి, డి ఉంటాయి. జవాబు బి అనుకుంటే బి పైకి వచ్చేలా తిప్పి పట్టుకోవాలి. టీచరు ఫోన్ కెమెరాను క్లాసు మీదుగా నెమ్మదిగా తిప్పితే కార్డు నంబరూ జవాబూ రెండూ నమోదవుతాయి. ఏ రెండు కార్డుల గుర్తూ ఒకటి కాదు. ఒకే జవాబుకైనా పక్కవాడి గుర్తు వేరేలా కనిపిస్తుంది, కాబట్టి చూసి కాపీ కొట్టడం కష్టం.

కార్డులు ప్లిక్కర్స్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మామూలు సెట్‌లో 40, పెద్ద సెట్‌లో 63. ఎ-ఫోర్ కాగితానికి రెండు చొప్పున వస్తాయి, అంటే 40 కార్డులకు 20 కాగితాలు. పల్చటి కాగితం వంగిపోతుంది, కార్డు వంగితే కెమెరా చదవదు. పాత నోటుబుక్ అట్టల మీద అంటించండి, నల్ల గుర్తు చుట్టూ కొంత తెల్ల అంచు మిగిలేలా కత్తిరించండి. మెరిసే లామినేషన్ మాత్రం వద్దు. చాలామంది చేసే పొరపాటు ఇదే. కిటికీ వెలుతురు దాని మీద పడి తళుక్కుమంటే ఆ వరుస మొత్తం స్కాన్ కాదు. లామినేషన్ చేయించక తప్పదనుకుంటే మెరుపు లేని మ్యాట్ రకం అడగండి.

క్లాసులో ఎదురయ్యే ఇబ్బందులు ఇంకొన్ని ఉన్నాయి. పిల్లలు వేళ్లతో నల్ల గుర్తును కప్పేస్తారు. అంచులు పట్టుకోవడం మొదటిరోజే నేర్పించండి. వెనుక బెంచీల కార్డులు ముందువాళ్ల తలల వెనక దాక్కుంటాయి, మీరే రెండడుగులు పక్కకు జరగాలి. ఒకసారి స్కాన్ అయ్యాక పిల్లవాడు కార్డు తిప్పేస్తే, కెమెరా మళ్లీ అటు వెళ్లినప్పుడు కొత్త జవాబు పడుతుంది. అందుకని పేరు నమోదైనవాళ్లను కార్డు దించేయమనండి. కార్డు నంబరు క్లాసు జాబితాలోని పేరుకు ముడిపడి ఉంటుంది. కార్డులు మారిపోతే ఫలితాలూ తారుమారవుతాయి. నంబరును రోల్ నంబరుతో కలిపేస్తే ఈ తలనొప్పి తగ్గుతుంది, ఒకే సెట్ అన్ని సెక్షన్లకూ సరిపోతుంది.

ప్రొజెక్టరో ఐ.ఎఫ్‌.పి. ప్యానెలో (క్లాసులో ఉండే పెద్ద టచ్ స్క్రీన్) లేకపోయినా ఫర్వాలేదు. ప్రశ్న బోర్డు మీద రాసి ఫోన్‌తోనే నడపొచ్చు. ఉచిత ఖాతాలో ఒక ప్రశ్నల సెట్‌కు అయిదు ప్రశ్నలే పెట్టనిస్తుంది. మేమైతే దాన్ని లోటుగా చూడం. పీరియడ్ మధ్యలో రెండు ప్రశ్నలకు మించి అడిగితే పాఠానికి టైం మిగలదు.

అసలు విషయం ప్రశ్నలో ఉంది. బిట్ పేపర్‌లోని బిట్లను తెచ్చి పెట్టేస్తే యాప్ ఎంత మంచిదైనా ఉపయోగం లేదు. తప్పు ఆప్షన్ ప్రతిదీ పిల్లలు నిజంగా చేసే ఒక పొరపాటును పట్టుకోవాలి. ఉదాహరణకు 1/3 + 1/4 ఎంత? ఆప్షన్లు: 7/12, 2/7, 2/12, 1/7. రెండో దాన్ని ఎంచుకున్నవాళ్లు పై అంకెలు రెండూ, కింది అంకెలు రెండూ విడివిడిగా కూడేశారు. 2/12 పెట్టినవాళ్లకు హారాన్ని 12 చేయాలని తెలుసు, లవాలను మార్చాలని తెలియదు. ఈ ఇద్దరికీ చెప్పాల్సింది వేరువేరు. "పన్నెండు మంది తప్పు" అని తెలియడం కన్నా "తొమ్మిది మంది 2/7 అన్నారు" అని తెలియడం ఎంతో విలువైనది. ప్లిక్కర్స్ గ్రాఫ్ ఆ సంగతిని అప్పటికప్పుడే చూపిస్తుంది.

చూశాక ఏం చేయాలి? హార్వర్డ్‌లో ఫిజిక్స్ బోధించిన ఎరిక్ మజూర్ 1990లలో రూపొందించిన పీర్ ఇన్‌స్ట్రక్షన్ (పిల్లలే ఒకరికొకరు వివరించుకుని నేర్చుకునే) పద్ధతిలో దీనికొక లెక్క ఉంది. సరైన జవాబులు 30 శాతం లోపు ఉంటే మళ్లీ చెప్పాలి. 30 నుంచి 70 మధ్య ఉంటే జవాబు బయటపెట్టకుండా, పిల్లల్ని పక్కవాళ్లతో రెండు నిమిషాలు వాదించుకోనిచ్చి అదే ప్రశ్న మళ్లీ అడగాలి. 70 దాటితే క్లుప్తంగా వివరించి ముందుకెళ్లొచ్చు. చర్చ పెట్టే ముందు మాత్రం గ్రాఫ్ పిల్లలకు చూపించకండి. ఎత్తైన గీత కనబడిందంటే అందరూ అటే పోతారు.

శాతం చూసి మోసపోయే అవకాశం కూడా ఉంది. నాలుగు ఆప్షన్లుంటే గుడ్డిగా పెట్టినా నలుగురిలో ఒకరిది సరైనదవుతుంది. నలభై మందిలో 28 సరైనవి వచ్చాయనుకోండి, చూడటానికి 70 శాతం. కానీ తెలియనివాళ్లంతా ఊహించే పెట్టి ఉంటే, నిజంగా తెలిసినవాళ్లు 24 మందే. మిగతా 16 మందిలో నలుగురికి అదృష్టం కలిసొచ్చింది. అందుకని "తెలియకపోతే కార్డు ఎత్తొద్దు, తప్పేం లేదు" అని ముందే చెప్పండి. ఎత్తనివాళ్ల పేర్లు కూడా మీకు విలువైన సమాచారమే.

ఇక కహూట్, పిల్లలు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో జవాబు నొక్కే క్విజ్ ఆట. పిల్లలకు ఉత్సాహం ఇందులోనే ఎక్కువ, సందేహం లేదు. కానీ మామూలు సెట్టింగ్‌లో ఇది కొలిచేది వేగాన్ని. ప్రశ్నకు 20 సెకన్లు పెడితే, వెంటనే సరైన జవాబు నొక్కినవాళ్లకు 1000 పాయింట్లు, చివరి క్షణంలో నొక్కినవాళ్లకు దాదాపు 500. ఇద్దరికీ పాఠం వచ్చు. ఒకరు నెమ్మదిగా చదువుతారు, అంతే. తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్ మీడియానికి మారిన పిల్లలకు ఇది అన్యాయం. నేర్చుకున్నది తెలుసుకోవాలంటే పాయింట్లు లేకుండా పెట్టే ఆప్షన్ ఎంచుకుని, టైమర్ 60 లేదా 90 సెకన్లకు పెంచండి. 240 సెకన్ల దాకా వీలుంది. నిక్‌నేమ్ దగ్గర రోల్ నంబరు రాయమనండి, లేకపోతే రిపోర్టులో ఎవరు ఎవరో తెలియదు. ఉచిత ఖాతాలో ఎంతమంది చేరవచ్చన్నది మారుతూ ఉంటుంది, క్లాసుకు ముందే చూసుకోండి.

తెలుగులో ప్రశ్నలు పెట్టేవాళ్లకు కహూట్‌లో ఇంకో చిక్కు ఉంది. ప్రశ్నకు 120 క్యారెక్టర్లు, ఆప్షన్‌కు 75. కంప్యూటర్ లెక్కలో "క్రి" అనే ఒక్క అక్షరం నాలుగు క్యారెక్టర్లు: క, పొల్లు, ర, గుడి. అందుకే తెలుగు ప్రశ్నకు చోటు అనుకున్నదానికన్నా ముందే అయిపోతుంది. పొడుగు ప్రశ్నను బొమ్మగా జతచేయడం ఒక దారి. మరొక సంగతి, ఇది ఏ యాప్‌కైనా వర్తిస్తుంది: డీటీపీ సెంటర్‌లో అనూ ఫాంట్లతో చేయించిన పాత పేపర్లను కాపీ చేస్తే అర్థం కాని గుర్తులే వస్తాయి. అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ చదివే యూనికోడ్‌లోనే టైప్ చేయాలి. ఫోన్‌లో జీబోర్డు (గూగుల్ కీబోర్డు)తో మాట్లాడి రాయించి, తప్పులు దిద్దుకోవడం తేలిక.

బెంగళూరులో పుట్టిన క్విజిజ్ పేరు 2025లో వేగ్రౌండ్‌గా మారింది. ఇందులో పిల్లలు ఎవరి వేగంతో వాళ్లు జవాబులు ఇవ్వొచ్చు. ప్లిక్కర్స్ తరహాలో కార్డులు స్కాన్ చేసే పేపర్ మోడ్ కూడా ఉంది. కంప్యూటర్ ల్యాబ్ ఉన్న బడికి ఇది బాగుంటుంది.

గూగుల్ ఫారమ్స్ క్లాసు మధ్యలోకి సరిపోదు, ఇంటిపనికి పనికొస్తుంది. సెట్టింగ్స్‌లో క్విజ్‌గా మార్చి, ఆన్సర్ కీ ఇచ్చాక, ఎక్కువమంది తప్పిన ప్రశ్నలను అదే విడిగా చూపిస్తుంది. తప్పు జవాబుకు మనం రాసే ఫీడ్‌బ్యాక్ మాత్రం అన్ని తప్పు ఆప్షన్లకూ ఒకటే. 2/7 పెట్టినవాళ్లకు వేరే వివరణ ఇవ్వాలంటే, జవాబును బట్టి వేరే సెక్షన్‌కు పంపే సౌకర్యం వాడండి. మార్కులు వెంటనే కనిపించేలా పెడితే, మొదట పూర్తిచేసినవాళ్ల నుంచి జవాబులు వాట్సాప్‌లో తిరిగేస్తాయి. ఒక్కసారే జవాబివ్వాలన్న పరిమితి పెట్టారంటే, అమ్మ ఫోన్ ఒక్కటే ఉన్న ఇంట్లో రెండో బిడ్డకు ఫారం తెరుచుకోదు. ఆ పరిమితి తీసేసి, రోల్ నంబరును తప్పనిసరి ప్రశ్నగా పెట్టండి.

ఏ యాప్‌లోనైనా పిల్లల పూర్తిపేర్లు, ఫోన్ నంబర్లు ఎక్కించకండి. రోల్ నంబరు, ఒక చిన్న పేరు చాలు. రిపోర్టు స్క్రీన్‌షాట్‌ను పేరెంట్స్ గ్రూపులో పెట్టకండి. 2/7 పెట్టిన ఆ తొమ్మిది మందినీ మర్నాడు పీరియడ్ మొదట్లో ఒక బోర్డు పక్కకు పిలిచి, రొట్టె బొమ్మను పన్నెండు ముక్కలుగా గీసి చూపించి, ఈసారి 1/2 + 1/5 అడగండి.