బడి ఆవరణలో ఒక కర్ర నీడ

శ్రోతలకు నమస్కారం.

ఫలానా భవనానికి శంకుస్థాపన జరిగిందని వార్తల్లో తరచూ వింటూ ఉంటాం. కొబ్బరికాయ కొడతారు, శిలాఫలకం మీద తెర తొలగిస్తారు, ఫొటోలు దిగుతారు. ఇంతకీ ఆ మాటలో ఉన్న శంకువు ఏది? శంకువంటే నేలలో నిటారుగా నాటే మేకు. పూర్వం ఇల్లు కట్టబోయే స్థలంలో దాన్ని పాతి, దాని నీడను బట్టి తూర్పు పడమరలు తేల్చుకునేవారు. మేకు పోయింది, పేరు మిగిలింది. చాలా ఏళ్లు సైన్సు పాఠాలు చెప్పినవాడిని. భూమి గురించీ ఆకాశం గురించీ పిల్లలకు నేర్పడానికి ఆ మేకును మించిన పరికరం నాకు దొరకలేదు. పైగా దానికి బడ్జెట్టు అక్కర్లేదు.

మీటరు పొడవున్న తిన్నని కర్రను బడి ఆవరణలో చదునైన చోట నిలబెట్టండి. దాని మొదలు కేంద్రంగా ఒక వృత్తం గీయండి. ఉదయం పొడవుగా ఉన్న నీడ క్రమంగా కురచబడుతూ, దాని కొస ఒకచోట వృత్తాన్ని తాకుతుంది. అక్కడ ఒక గులకరాయి పెట్టించండి. మధ్యాహ్నం నీడ మళ్లీ సాగుతూ ఇంకోచోట తాకుతుంది. అక్కడ ఇంకో రాయి. రెంటినీ కలిపితే తూర్పు పడమరల గీత. దానికి లంబంగా కర్ర మొదలు నుంచి గీసినది ఉత్తర దక్షిణాల గీత. సూర్యుడి వైపు ఎవరూ తలెత్తి చూడనక్కర్లేదు, చూడనివ్వకూడదు కూడా. నీడే అంతా చెబుతుంది.

ఇక్కడే పిల్లలకు మొదటి ఆశ్చర్యం. గడియారంలో పన్నెండయినా నీడ ఆ ఉత్తర దక్షిణ గీత మీదికి రాదు. "గడియారం తప్పా మాస్టారూ?" అని అడుగుతారు. తప్పు కాదు. మన దేశమంతటికీ ఒకే సమయం. అది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. ఆ రేఖ మన కాకినాడ దగ్గరగా పోతుంది. హైదరాబాదు దానికి నాలుగు డిగ్రీలు పడమరన ఉంది కాబట్టి అక్కడ సూర్యుడు సగటున పదహారు నిమిషాలు ఆలస్యం. ఆ ఆలస్యమైనా నిలకడగా ఉంటుందా అంటే అదీ లేదు. నవంబరు మొదట్లో దాదాపు సరిగ్గా పన్నెండుకే నీడ గీత మీదికి వస్తుంది, ఫిబ్రవరి రెండో వారంలో పన్నెండున్నర అవుతుంది. భూమి అక్షం వాలుగా ఉండటం, సూర్యుడి చుట్టూ దాని వేగం ఏడాదంతా ఒకేలా లేకపోవటం, ఈ రెండూ కలిసి చేసే పని అది. వాలు గురించి గ్లోబు తిప్పి చెప్పే పాఠం ఎంతమందికి గుర్తుంటుందో గానీ, ఆలస్యంగా వచ్చే సూర్యుణ్ణి మాత్రం ఎవరూ మరచిపోరు.

మధ్యాహ్నం సూర్యుడు రోజూ నడినెత్తి మీదే ఉంటాడని పెద్దలు కూడా అనుకుంటారు. హైదరాబాదులో ఏడాదికి రెండే రోజులు, మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో. ఆ మధ్యాహ్నం నిలువు కర్రకు నీడ కనిపించదు. బడివాళ్ల దురదృష్టం చూడండి: మేలో వేసవి సెలవులు, ఆగస్టులో మబ్బులు!

మబ్బు రోజున వంటింటి సామాను తెప్పించండి. పెద్ద ఫుట్‌బాలు సూర్యుడనుకుంటే భూమి ఒక ఆవగింజ. దాన్ని ఎంత దూరంలో పెట్టాలో పిల్లల్నే అడగండి. మూర, బారెడు అంటారు. అసలు లెక్క సుమారు 24 మీటర్లు, వరండా ఈ చివర నుంచి ఆ చివర దాకా. గసగస కంటే చిన్నదైన చంద్రుడు ఆవగింజకు ఆరు సెంటీమీటర్ల దూరంలో ఉంటాడు. మనిషి ఇంతవరకూ వెళ్లి కాలుపెట్టింది ఆ ఆరు సెంటీమీటర్ల దూరమే. ఇదే లెక్కలో సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రం ఆరు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంటుంది.

మళ్లీ కర్ర దగ్గరికి వద్దాం. దాదాపు 2,200 ఏళ్ల కిందట ఈజిప్టులో ఎరటోస్తనీస్ అనే ఆయన నీడలతోనే భూమి చుట్టుకొలత లెక్కగట్టాడు. సైనీ, అంటే నేటి అస్వాన్‌లో, సూర్యుడు నడినెత్తిన ఉన్న రోజున అలెగ్జాండ్రియాలో 7.2 డిగ్రీలు పక్కకు ఉన్నాడు. అది వృత్తంలో యాభయ్యో వంతు. అందుకని రెండు ఊళ్ల మధ్య దూరానికి యాభై రెట్లు భూమి చుట్టుకొలత అన్నాడు.

దీనికి నీడ మాయం కావలసిన పనే లేదు. ఆదిలాబాదు, కడప దాదాపు ఒకే రేఖాంశం మీద, ఒకదానికొకటి సుమారు 575 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. రోడ్డు దూరం కాదు, పటం మీద కొలిచే తిన్నని దూరం. డిసెంబరు 22న ఆకాశం తేటగా ఉంటే మీటరు కర్రకు కడపలో అతి చిన్న నీడ 78 సెంటీమీటర్లు, ఆదిలాబాదులో 94 సెంటీమీటర్లు ఉంటుంది. నీడను కర్ర పొడవుతో భాగిస్తే, సూర్యుడు నడినెత్తి నుంచి పక్కకు ఉన్న కోణానికి టాన్ (త్రికోణమితిలో ఒక నిష్పత్తి) విలువ వస్తుంది. మిగతాది ఫోనులోని క్యాలిక్యులేటరు చూసుకుంటుంది. రెండు కోణాలకూ తేడా సుమారు 5.2 డిగ్రీలు. 360ని దానితో భాగించి 575తో హెచ్చిస్తే 40 వేల కిలోమీటర్లకు దగ్గరగా వస్తుంది.

నేను మొదటిసారి ఇలా దూరపు బడి ఒకదానితో కలిసి చేయించినప్పుడు మా పిల్లలకు వచ్చింది 46 వేలు. ఇరుపక్షాలా ఫోనులో వాదులాట. "మీ టేపు సాగిందేమో" అని వీళ్లు, "మీ నేల వాలేమో" అని వాళ్లు. నేను కల్పించుకోలేదు. చివరికి మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, వాళ్ల నాన్న తాపీపని చేస్తారు, ఇంటి నుంచి గోడ నిలువు చూసే గుండు తెచ్చి కర్ర పక్కన వేలాడదీసింది. కర్ర పైకొస సెంటీమీటరు పైచిలుకు పక్కకు వంగి ఉంది. మాదే తప్పు. కర్ర సరిచేసి, రెండు బడులూ మర్నాడు మళ్లీ కొలిస్తే 41 వేలకు వచ్చింది. ఆ గుండును ఆ ఏడాదంతా మా బడిలోనే ఉంచేశారు. వాళ్ల నాన్న కొత్తది కొనుక్కున్నారని తర్వాత తెలిసింది.

నమస్కారం.