ప్రాఫెట్-6 రివ్యూ: ఆరు వాయిస్‌లు సరిపోతాయా?

నమస్తే అండీ. ఇవాళ సీక్వెన్షియల్ కంపెనీ వాళ్ల ప్రాఫెట్-6 అనే సింథసైజర్ (సింథ్), అంటే సౌండ్‌ని ఎలక్ట్రానిక్స్‌తో పుట్టించే కీబోర్డ్ గురించి వివరంగా మాట్లాడుకుందాం. ఇది నిన్నమొన్న వచ్చిన సింథ్ కాదు, 2015లో విడుదలైంది. కాబట్టి పెట్టె విప్పి ఒక్కో పోర్టూ చూపించే పని పెట్టుకోవడం లేదు. ఇది నా దగ్గర చాలా కాలంగా ఉంది, నా ట్రాకుల్లో వెనక సాగుతూ వినిపించే ప్యాడ్‌లు ఎక్కువగా దీనివే. దీని పేరు ఎత్తగానే అందరూ అడిగేది ఒకటే: ఇంత డబ్బు పోసి కొంటే ఆరు వాయిస్‌లేనా, అంటే ఒకేసారి ఆరు స్వరాలే మోగుతాయా? ఫోన్‌లో నడిచే సింథ్ యాప్ కూడా అంతకంటే ఎక్కువ ఇస్తుంది కదా? అడగాల్సిన ప్రశ్నే. జవాబు చెప్పే ముందు ఇది వినండి.

(నాలుగు స్వరాలు కలిపి నొక్కిన కార్డ్ పట్టుకుని, ఫిల్టర్ నెమ్మదిగా తెరుస్తూ)

ఇప్పుడు విన్నదాంట్లో ఎఫెక్ట్స్ ఏవీ వాడలేదు. కోరస్ లేదు, రివర్బ్ లేదు. అయినా ఆ కార్డ్ ఒక్కచోట నిలబడలేదు, లోపల సన్నగా కదులుతూనే ఉంది. ఎందుకంటే ఈ సింథ్‌లో ఒక్కో వాయిస్‌కి విడిగా సర్క్యూట్ ఉంటుంది. సౌండ్‌ని పుట్టించే రెండు ఆసిలేటర్లు, కింది స్థాయిలో మోగే ఒక సబ్ ఆసిలేటర్, పై శబ్దాలను తగ్గించే ఒక లో-పాస్ ఫిల్టర్, కింది శబ్దాలను తగ్గించే ఒక హై-పాస్ ఫిల్టర్, చివర యాంప్లిఫయర్. ఇదంతా ఆరు సార్లు ఉంది. ఒకే పాట పాడుతున్న ఆరుగురు గాయకుల్లాగా అన్నమాట. అందరిదీ ఒకే స్వరం, గొంతు మాత్రం ఎవరిది వాళ్లదే. ఏ రెండు సర్క్యూట్లలోనూ భాగాలు అచ్చంగా ఒకే విలువతో ఉండవు, అందుకే ఒక వాయిస్‌లో ఫిల్టర్ తెరుచుకునే తీరుకీ పక్క వాయిస్‌కీ వెంట్రుకవాసి తేడా వస్తుంది. మంచి సాఫ్ట్‌వేర్ సింథ్‌లు ఈ తేడాలను కూడా లెక్కగట్టి బాగానే వినిపిస్తాయి, అది ఒప్పుకోవాలి. కాకపోతే సాఫ్ట్‌వేర్‌లో ఏడో వాయిస్ కావాలంటే ప్రాసెసర్ ఇంకాస్త పని చేస్తే చాలు. ఇక్కడ ఏడో వాయిస్ కావాలంటే ఆ సర్క్యూట్ మొత్తం ఇంకొకటి కట్టాలి. మీకు నచ్చిన ఆ సౌండ్, మీకు తక్కువ అనిపించిన ఆ అంకె, రెండూ ఒకే కారణం నుంచి వచ్చాయి.

శ్రుతి గురించి చాలామందికి టెన్షన్ ఉంటుంది. పాత అనలాగ్ సింథ్‌లు, అంటే ఇలా సర్క్యూట్లతోనే సౌండ్ పుట్టించేవి, వాయిస్తుండగానే శ్రుతి తప్పేవని వినే ఉంటారు. నిజమే. ఇందులో ఉన్నవి వీసీఓలు, అంటే వోల్టేజ్‌ని బట్టి స్వరం మారే ఆసిలేటర్లు. ఆ వోల్టేజ్‌ని స్వరంగా మార్చే ట్రాన్సిస్టర్ల మీద వేడి ప్రభావం ఉంటుంది, అసలు చిక్కు అక్కడే. ఇప్పటి సింథ్‌లలో ప్రాసెసర్ ఒక్కో ఆసిలేటర్‌ని కొలిచి, ఎక్కడ ఎంత తేడా వస్తోందో గుర్తుపెట్టుకుని సరిచేస్తుంది. మీరు చేయాల్సింది రికార్డింగ్‌కి ముందు కాసేపు ఆన్ చేసి వదిలేయడం, అవసరమైతే కాలిబ్రేషన్, అంటే ఆ కొలిచి సరిచేసే పని, నడపడం. అంతకు మించి భయపడాల్సింది ఏమీ లేదు. మళ్లీ ఆ పాత అస్థిరతే కావాలనుకుంటే ప్యానెల్ మీద స్లాప్ అనే నాబ్ ఉంది. అది తిప్పేకొద్దీ ఆసిలేటర్లు ఒకదానితో ఒకటి కొంచెం కొంచెం విడిపోతాయి. గడియారం ముల్లులా చూస్తే, నేను దాన్ని తొమ్మిది గంటల స్థానం దాటనివ్వను. అంతకంటే తిప్పితే మిగతా వాయిద్యాలతో శ్రుతి కలవక చికాకు పుడుతుంది.

చరిత్ర క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే సీక్వెన్షియల్ అనే ఈ పేరు వెనక కథ నాకు చాలా ఇష్టం. డేవ్ స్మిత్ కంపెనీ సీక్వెన్షియల్ సర్క్యూట్స్ 1978లో ప్రాఫెట్-5 తెచ్చింది. ఐదు వాయిస్‌లు, లోపల మైక్రోప్రాసెసర్, చేసుకున్న సౌండ్‌ని సేవ్ చేసుకునే సౌకర్యం. అంతకుముందు నాబ్‌ల స్థానాలు కాగితం మీద రాసిపెట్టుకున్న వాళ్లకి అది ఎంత పెద్ద మార్పో ఊహించండి. 1983లో ఎఫ్ఎం అనే డిజిటల్ పద్ధతితో యమహా డీఎక్స్7 సింథ్ వచ్చాక అనలాగ్ గిరాకీ పడిపోయింది. 1987లో ఆ కంపెనీ మూతపడింది, పేరు యమహా చేతికి వెళ్లింది. సుమారు మూడు దశాబ్దాల తర్వాత, పోటీ సింథ్ కంపెనీ రోలాండ్ స్థాపకుడు ఇకుతారో కకెహాషి చొరవ తీసుకోవడంతో, యమహా ఆ పేరుని డేవ్ స్మిత్‌కి తిరిగి ఇచ్చింది. వేర్వేరు కంపెనీల వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడీ అనే ఉమ్మడి భాష రావడానికి కారకులైన ఇద్దరు వీళ్లే, 2013లో టెక్నికల్ గ్రామీ కూడా కలిసి అందుకున్నారు. పోటీ కంపెనీ పెద్దాయన ఇంకొకరి పేరు కోసం మాట్లాడటం మామూలు విషయం కాదు. ఆ పేరు తిరిగొచ్చాక దానితో వచ్చిన మొదటి సింథ్ ఇదే. డేవ్ స్మిత్ 2022లో చనిపోయారు.

ఇప్పుడు ప్యానెల్ చూద్దాం. పెద్ద స్క్రీన్ లేదు, మెనూల్లో తిరగడం దాదాపు లేదు. ఒక్కో పనికి ఒక్కో నాబ్. ప్రీసెట్ (ముందే సేవ్ చేసి ఉన్న సౌండ్) బటన్ ఆఫ్ చేశారనుకోండి, ఆ క్షణంలో నాబ్‌లు ఎక్కడున్నాయో అదే సౌండ్ వినిపిస్తుంది. సింథసిస్ నేర్చుకోవాలనుకునే వాళ్లకి ఈ ఒక్క బటన్ పెద్ద గురువు. ప్రీసెట్లు వెయ్యి పడతాయి, ఫ్యాక్టరీవి ఐదు వందలు, మీవి ఐదు వందలు. నా సలహా, మొదట్లో వాటి జోలికి పోకండి. ప్రీసెట్ ఆఫ్ చేసి, ఒక ఆసిలేటర్‌తో మొదలుపెట్టి, తరంగం ఆకారాన్ని మార్చే షేప్ నాబ్‌ని ట్రయాంగిల్ నుంచి సా (రంపపు పళ్ల ఆకారం) దాకా, అక్కడి నుంచి పల్స్ దాకా తిప్పుతూ వినండి. మధ్యలో ఎక్కడైనా ఆగొచ్చు, ఆ మధ్య స్థానాల్లోనే మంచి సౌండ్లు దాక్కుని ఉన్నాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది పాలీ మాడ్ అనే చిన్న భాగం. రెండో ఆసిలేటర్‌ని వినడానికి కాకుండా మొదటి ఆసిలేటర్‌ని గానీ ఫిల్టర్‌ని గానీ కదిలించడానికి వాడొచ్చు. ఇది వినండి.

(గంట మోగినట్టుండే సౌండ్, తర్వాత అదే గరుకుగా మారుతూ)

మొదట వచ్చిన ఆ గంట శబ్దం రెండో ఆసిలేటర్ మొదటిదాని స్వరాన్ని చాలా వేగంగా ఊపడం వల్ల పుట్టింది. తర్వాత ఫిల్టర్ ఎన్వలప్‌ని, అంటే కీ నొక్కినప్పటి నుంచి ఫిల్టర్ ఎలా తెరుచుకుని మూసుకోవాలో నడిపే భాగాన్ని, కూడా అదే చోటికి పంపాను, అందుకే ప్రతి కీ కొట్టిన మొదటి క్షణంలో ఆ గరుకుదనం. ఆ ఊపు కూడా ప్రతి వాయిస్‌లో దాని సర్క్యూట్‌లోనే జరుగుతోంది, అందుకే కార్డ్ కొట్టినప్పుడు ఒక్కో స్వరం ఒక్కో రకంగా మెరుస్తుంది. అనలాగ్ అంటే వెచ్చగా, మెత్తగా ఉండే ప్యాడ్ ఒక్కటే అనుకునేవాళ్లు ఈ భాగంతో ఒక సాయంత్రం కూర్చోవాలి.

సరే, ఆరు వాయిస్‌ల సంగతికి వద్దాం. రిలీజ్ (కీ వదిలాక కూడా స్వరం మోగే సమయం) పొడవుగా పెట్టిన ప్యాడ్ తీసుకోండి. నాలుగు స్వరాల కార్డ్ కొట్టి వదిలారు. చేతులు తీసినా ఆ నాలుగు వాయిస్‌లూ ఇంకా మోగుతూనే ఉన్నాయి. వెంటనే ఇంకో నాలుగు స్వరాల కార్డ్ కొట్టారు. ఖాళీగా ఉన్నవి రెండే. మిగతా రెండింటి కోసం సింథ్ పాత కార్డ్‌లోంచి రెండు స్వరాలు లాక్కుంటుంది. వినండి, ఇక్కడ.

(కార్డ్ మారుతుండగా పాత స్వరం తెగిపోవడం)

ఆ తెగిన చోటు వినిపించిందా? దీన్నే వాయిస్ స్టీలింగ్ అంటారు. హెడ్‌ఫోన్స్‌లో స్పష్టంగా తెలుస్తుంది, ట్రాక్‌లో డ్రమ్స్ మధ్య చాలాసార్లు తెలియదు. దీనికి నేను చేసేది ఏమిటంటే, రిలీజ్‌ని తగ్గించి, ఆ తోకని రివర్బ్‌తో ఇస్తాను. లోపలి ఎఫెక్ట్స్ వాయిస్‌లన్నీ కలిశాక వస్తాయి కాబట్టి, రివర్బ్ ఎంతసేపు మోగినా ఒక్క వాయిస్ కూడా ఖర్చు కాదు. రెండోది, కార్డ్‌లో మూల స్వరాన్ని బేస్‌కి వదిలేసి, మూడు స్వరాలే వాయిస్తాను. మూడు మోగుతూ, మూడు కొత్తగా వస్తూ, ఆరూ సరిగ్గా సరిపోతాయి. పైగా మిక్స్‌లో చోటు కూడా దొరుకుతుంది. ఇలా వాయించడం అలవాటయ్యాక పియానో ముందు కూర్చున్నా నా చేతులు తక్కువ స్వరాలే వెతుకుతున్నాయి, అది నాకు బాగుంది.

అయితే రెండు చేతులతో, సస్టెయిన్ పెడల్ తొక్కుతూ పియానో పద్ధతిలో వాయించేవాళ్లకి ఇది చాలదు. ఈ మాట దాచను. కీలు కూడా 49, అంటే నాలుగు ఆక్టేవులే. స్ప్లిట్, లేయర్ లేవు, ఒకసారికి ఒక సౌండే. పిచ్ వీల్ తిప్పితే మోగుతున్న స్వరాలన్నీ కలిసే జరుగుతాయి, నొక్కిన కీని ఇంకాస్త ఒత్తితే సౌండ్ మార్చే ఆఫ్టర్‌టచ్ కూడా అంతే. కార్డ్ పట్టుకుని పై స్వరానికి మాత్రమే గమకం ఇవ్వాలంటే కుదరదు. అది మీకు ముఖ్యమైతే, ప్రతి కీకీ విడిగా స్పందించే ఆర్టూరియా పాలీబ్రూట్ 12 చూడండి, 2024లో వచ్చింది.

రికార్డింగ్ విషయానికొస్తే, డిజిటల్ ఎఫెక్ట్స్ ఆఫ్ చేస్తే వాటిని పూర్తిగా తప్పించి సిగ్నల్ అనలాగ్ దారిలోనే బయటికి వస్తుంది. పక్కనున్న డిస్టార్షన్ నాబ్ అనలాగే, కాస్త తిప్పితే బేస్ ముందుకొస్తుంది. హై-పాస్ ఫిల్టర్‌ని మాత్రం మర్చిపోకండి. ఈ సింథ్ కింది స్వరాల్లో బాగా బరువుగా ఉంటుంది, ఆ బరువుని ఇక్కడే తగ్గిస్తే మిక్సింగ్‌లో సగం పని తప్పుతుంది. ఇంకో మాట, నచ్చిన టేక్ వచ్చిందంటే ఆడియోగా రికార్డ్ చేసేయండి. ప్రోగ్రామ్ సేవ్ చేసినా, వాయిస్తూ తిప్పిన నాబ్‌లు మళ్లీ అదే తీరుగా రావు.

వేరే దారులు కూడా ఉన్నాయి. ఇదే తరహా బాడీలో, మరో పాత సింథ్ తయారీదారు టామ్ ఓబర్‌హైమ్‌తో కలిసి చేసిన ఓబీ-6 ఉంది. దాని ఫిల్టర్ స్వభావం వేరు, మరింత విప్పారినట్టు మోగుతుంది. ఎక్కువ వాయిస్‌లే కావాలంటే ప్రాఫెట్ రెవ్2లో పదహారు దాకా దొరుకుతాయి, అందులో డీసీఓలు, అంటే డిజిటల్‌గా నియంత్రించే ఆసిలేటర్లు ఉంటాయి కాబట్టి శ్రుతి ఇంకా గట్టిగా నిలుస్తుంది. మొదటి అనలాగ్ పాలీ (ఒకేసారి చాలా స్వరాలు మోగించే సింథ్) కొనేవాళ్లు కోర్గ్ మినీలాగ్‌తో మొదలుపెట్టినా తప్పు లేదు. వాయిస్‌లు నాలుగే, కీలు చిన్నవి, కానీ ఇందాక చెప్పిన పాఠాలన్నీ అక్కడే నేర్చుకోవచ్చు.

నా వరకు ప్రాఫెట్-6ని అమ్మే ఆలోచన లేదు. సౌండ్‌ని చేతులతో తయారు చేసుకోవడం ఇష్టమైన వాళ్లకి, తక్కువ స్వరాలతో పని నడిపించగలవాళ్లకి దీన్ని ధైర్యంగా చెప్తాను. ప్రీసెట్లు మారుస్తూ పోయేవాళ్లు ఇంత డబ్బు పెట్టక్కర్లేదు.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకి ఒక్క పరీక్ష చెప్తాను, ఇది ఏ అనలాగ్ పాలీకైనా పనికొస్తుంది. అరగంట ముందే ఆన్ చేసి ఉంచమనండి. ఎఫెక్ట్స్, స్లాప్, యూనిసన్ (వాయిస్‌లన్నీ కలిసి ఒకే స్వరం మోగించడం) అన్నీ ఆఫ్ చేసి, ఒక్క ఆసిలేటర్‌తో మామూలు సౌండ్ పెట్టండి. ఎన్ని వాయిస్‌లు ఉంటే అన్ని కీలు, ఒకదాని తర్వాత ఒకటి నొక్కి పట్టుకోండి. ప్రతి కొత్త స్వరం జాగ్రత్తగా వినండి. ఏదైనా మూగగా ఉన్నా, మిగతా వాటికంటే బాగా మొద్దుబారినట్టు ఉన్నా, శ్రుతి తప్పినా ఆ వాయిస్‌లో తేడా ఉన్నట్టే. అప్పుడు కాలిబ్రేషన్ నడిపి మళ్లీ వినండి. రెండో ఆసిలేటర్‌తో ఒకసారి, ఫిల్టర్ సగం మూసి, అది ఆగే చోట శబ్దాన్ని ఎత్తి చూపే రెజొనెన్స్ పెంచి ఇంకోసారి ఇదే చేయండి. ఆ తర్వాత ప్రతి నాబ్‌నీ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి, విలువ ఎక్కడా ఎగరకుండా మారుతోందో లేదో చూడండి. ఇప్పటి బోర్డుల మీద భాగాలు చాలా చిన్నవి, పాత సింథ్‌లలాగా ఇంట్లో సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని బాగుచేసుకోవడం అందరి వల్లా కాదు. అందుకే కాలిబ్రేషన్ తర్వాత కూడా ఏ వాయిస్ అయినా తేడాగా వినిపిస్తే, ధర ఎంత తగ్గించినా తీసుకోకండి.