అరవై ఓవర్ల రోజులు

అందరికీ నమస్కారం.

క్రికెట్ మాట ఎత్తితే మనవాళ్లకి ముందుగా గుర్తొచ్చేది 1983 జూన్ 25. ఆ రోజు లార్డ్స్‌లో కపిల్‌దేవ్ జట్టు ఆడింది 60 ఓవర్ల మ్యాచ్. ఆ అరవై లెక్క ఇంగ్లండ్ కౌంటీలదే, అంటే అక్కడి జిల్లాల పేరుతో ఆడే జట్లది. 1963లో జిలెట్ కప్ పేరుతో కౌంటీల మధ్య ఒక్కరోజు నాకౌట్ పోటీ మొదలుపెట్టారు. తొలి ఏడాది 65 ఓవర్లు, మరుసటి ఏడాది నుంచి 60. మన వరల్డ్ కప్‌కి పుట్టిల్లు అదే.

ఆ మ్యాచ్‌లంటే నాకు ఎందుకంత ఇష్టమో చెబుతాను. పొద్దున మొదలైతే సాయంత్రం దాకా ఆట. తడబడిన జట్టుకి తేరుకునే టైం ఉండేది. పేరులేని ఆటగాడికీ ఒక గంట దొరికేది. 1973లో డర్హమ్ ఇంకా మైనర్ కౌంటీ, అంటే పెద్ద కౌంటీల సరసన కూర్చోబెట్టని జట్టు. హారోగేట్‌లో ఏకంగా యార్క్‌షైర్‌నే ఓడించింది. జిలెట్ కప్‌లో ఒక మైనర్ కౌంటీ పెద్ద కౌంటీని ఓడించడం అదే మొదలు.

ఇక 1971 జులై 28. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో లాంకషైర్, గ్లాస్టర్‌షైర్ సెమీఫైనల్. మన ఫరూఖ్ ఇంజనీర్ అప్పుడు లాంకషైర్ వికెట్ కీపర్. మధ్యలో వాన పడి ఆట ఆలస్యమైంది. రాత్రి తొమ్మిది కావస్తోంది. గ్రౌండ్‌లో ఫ్లడ్‌లైట్లు లేవు, పక్కనున్న రైల్వే స్టేషన్‌లో దీపాలు వెలిగాయి. లాంకషైర్‌కి 5 ఓవర్లలో 25 పరుగులు కావాలి, చేతిలో మూడే వికెట్లు. క్రీజులో డేవిడ్ హ్యూస్. అసలు పని ఎడమచేతి స్పిన్ వేయడం. జాన్ మార్టిమోర్ వేసిన ఒక్క ఓవర్లో 24 బాదేశాడు! 4, 6, 2, 2, 4, 6. మిగిలిన ఒక్క పరుగూ కెప్టెన్ జాక్ బాండ్ తీశాడు.

ఇది నేను చూడలేదు, విన్నాను. టీవీలో కళ్లారా చూసింది 1985 నాట్‌వెస్ట్ ట్రోఫీ ఫైనల్. జిలెట్ కప్పే 1981 నుంచి ఆ పేరు పెట్టుకుంది. అప్పుడు నేను నాటింగ్‌హామ్‌లో జూనియర్ డాక్టర్‌ని. శనివారం డ్యూటీ. వార్డులో ఒక పెద్దాయన, గనిలో పనిచేసి రిటైరైన మనిషి, పేపర్ అంచున పెన్సిల్‌తో స్కోరు రాసుకుంటున్నాడు. ఎసెక్స్ 2 వికెట్లకి 280. అప్పట్లో అది కొండంత స్కోరు. నాటింగ్‌హామ్‌షైర్‌కి చివరి ఓవర్లో 18 కావాలి. బౌలర్ డెరెక్ ప్రింగిల్, బ్యాట్స్‌మన్ డెరెక్ రాండల్. రాండల్ లెగ్ వైపు జరిగి ఆఫ్‌లో ఖాళీలు వెతికి మరీ కొడుతున్నాడు. రెండు, నాలుగు, రెండు, నాలుగు, నాలుగు. టెన్షన్‌తో వార్డంతా ఊపిరి బిగబట్టింది. ఆఖరి బంతికి రెండు చాలు. ఈసారి ప్రింగిల్ అతను జరిగిన వైపే వేశాడు. మిడ్‌వికెట్‌లో పాల్ ప్రిచర్డ్ చేతికి క్యాచ్. ఒక్క పరుగు తేడాతో ఎసెక్స్ గెలిచింది. పెద్దాయన పెన్సిల్ కాసేపు పేపర్ మీదే ఆగిపోయింది. తర్వాత ఆ వికెట్ కూడా శుభ్రంగా రాసి, పేపర్ మడిచి దిండు కింద పెట్టుకున్నాడు. నేను బీపీ చూడటానికి ఓ పది నిమిషాలు ఆగాను.

ఆదివారాల 40 ఓవర్ల లీగ్ కూడా సరదాగానే ఉండేది. బౌలర్ల రన్నప్‌కి 15 గజాల హద్దు పెట్టేవాళ్లు. కానీ నా మనసు మాత్రం నాకౌట్ మీదే.

ఇవాళ కౌంటీల ఒక్కరోజు పోటీ పేరు వన్డే కప్, అది 50 ఓవర్లది. 2021 నుంచి ఆగస్టులో, హండ్రెడ్ పోటీ (ఒక్కో జట్టుకి వంద బంతుల ఆట) జరిగే రోజుల్లోనే పెడుతున్నారు. పేరున్న ఆటగాళ్లు అటు వెళ్లిపోతారు. ఫైనల్ లార్డ్స్ నుంచి ట్రెంట్ బ్రిడ్జికి మారింది. అరవై ఏళ్ల పోటీని ఇలా పక్కకి నెట్టడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం. అయినా ఆటలో సత్తా చావలేదు. 2023 ఫైనల్లో లెస్టర్‌షైర్ హాంప్‌షైర్‌ని రెండే పరుగుల తేడాతో ఓడించింది. చివరి ఓవర్ వేసింది 19 ఏళ్ల కుర్రాడు, జాష్ హల్.

ఈ ఆగస్టులో దగ్గర్లో ఏ కౌంటీ మ్యాచ్ ఉన్నా నేను వెళ్తున్నాను. పులిహోర మా ఇంటి నుంచి. కారులో ముగ్గురికి చోటుంది. వచ్చేవాళ్లు ఇప్పుడే చెప్పండి.