8 బిట్ చాలా, 10 బిట్ కావాలా? ఎలియట్స్ బీచ్‌లో తీసి చూశాం

నమస్తే అండీ. ఈ వీడియో మీరు అడిగి చేయించుకున్నదే. ఏ కెమెరా రివ్యూ పెట్టినా కింద ముందు వచ్చే ప్రశ్న ఒకటే: "అన్నా, ఇది 8 బిట్టా, 10 బిట్టా?" ఒక్కో రంగును కెమెరా ఎన్ని మెట్లుగా విడదీసి రాసుకుంటుందో చెప్పేదే ఈ బిట్ల లెక్క. 10 అంటే కొనేయొచ్చు, 8 అంటే పాత సామాను అన్నట్టు అయిపోయింది. వడపళనిలో పెళ్లి వీడియోలు తీసే ఒక తమ్ముడైతే సూటిగా అడిగాడు. "అన్నా, నా దగ్గరున్నది 8 బిట్ కెమెరా. బాగానే పనిచేస్తోంది. అమ్మేసి 10 బిట్‌ది తీసుకోమంటారా?"

జవాబు ముందే చెప్పేస్తాను, ఎందుకో తర్వాత చూద్దాం. లాగ్‌లో, అంటే తర్వాత దిద్దుకోవడానికి వీలుగా చప్పటి రంగుల్లో తీసి, ఇంటికొచ్చి రంగులు దిద్దుకునే (గ్రేడింగ్) అలవాటు మీకుంటే 10 బిట్ కావాలి. అందులో బేరం లేదు. కెమెరాలో ఎలా పడిందో దాదాపు అలాగే కత్తిరించి అప్‌లోడ్ చేసేవాళ్లైతే ఆ డబ్బు ఒక మంచి లైట్ మీదో, మైక్ మీదో పెట్టండి.

ఇక పరీక్ష ఎలా చేశామంటే, రెండు వేర్వేరు కెమెరాలు పక్కపక్కన పెట్టలేదు. అలా పెడితే సెన్సార్ తేడా, లెన్స్ తేడా అన్నీ కలిసిపోయి, ఏది దేనివల్ల వచ్చిందో తెలియదు. ఒకటే కెమెరా తీసుకున్నాం, సోనీ జెడ్‌వీ-ఈ10 రెండో వెర్షన్. అద్దెకు తెచ్చుకున్నదే, కంపెనీ పంపింది కాదు. 2021లో వచ్చిన మొదటి వెర్షన్ 8 బిట్ మాత్రమే రికార్డు చేసేది. 2024లో వచ్చిన ఈ వెర్షన్‌లో రెండూ ఉన్నాయి, మెనూలో మార్చుకోవచ్చు. 4కె, సెకనుకు 25 ఫ్రేములు పెట్టాం. రికార్డయ్యే డేటా 8 బిట్ అయితే సెకనుకు 100 మెగాబిట్లు, 10 బిట్ అయితే 140. ట్రైపాడ్ కదపలేదు, ఎక్స్‌పోజర్ ముట్టుకోలేదు.

ఒక చిన్న మెలిక ఉంది. ఈ మెనూలో 10 బిట్‌కి మారితే బిట్లు ఒక్కటే మారవు, 4:2:0 కాస్తా 4:2:2 అవుతుంది. అంటే నాలుగు పిక్సెళ్ల చదరానికి ఒక్క రంగు శాంపిల్ బదులు రెండు వస్తాయి. మీరు చూసే చాలా పోలిక వీడియోల్లో గ్రీన్ స్క్రీన్ అంచులు శుభ్రంగా వచ్చాయని 10 బిట్‌ని పొగుడుతుంటారు. ఆ మెచ్చుకోలులో పెద్ద వాటా 4:2:2కి దక్కాలి.

లెక్క ఒక్క నిమిషంలో ముగిద్దాం. 8 బిట్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు. మూడు రంగులూ కలిపితే 1.67 కోట్ల రంగులు. 10 బిట్‌లో 1024 మెట్లు, 107 కోట్ల రంగులు. ప్రకటనల్లో ఈ కోట్ల లెక్కే వేస్తారు, వినడానికి బాగుంటుంది. కానీ మన కన్ను ఆ కోట్లను లెక్కపెట్టదు. ఒక నున్నటి ఆకాశంలో పక్కపక్క మెట్ల మధ్య గీత కనబడిందా లేదా, అంతే చూస్తుంది. అందుకే బీచ్‌కి వెళ్లాం.

మన చెన్నైకి ఒక సుఖం ఉంది. సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు. బీసెంట్ నగర్‌లో ఎలియట్స్ బీచ్‌కి తెల్లారకముందే వెళితే, నీళ్ల దగ్గర నారింజ, పైకి పోయేకొద్దీ గులాబీ, ఆపైన నీలం. ఎక్కడా గీత లేకుండా ఒక రంగు ఇంకో రంగులోకి జారిపోతుంది. బ్యాండింగ్, అంటే ఇలాంటి చోట రంగు పట్టీలుగా విడిపోవడం, పట్టుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. ఒక్క జాగ్రత్త చెప్తాను. ఏసీ గదిలోంచి కెమెరా తీసుకుని నేరుగా ఆ ఉక్కలోకి వెళ్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. బ్యాగులోనే కాసేపు ఉంచి తర్వాత బయటకు తీయండి.

ఇప్పుడు స్క్రీన్ మీద చూడండి. మొదటి జత మామూలు ప్రొఫైల్‌లో తీసింది, లాగ్ కాదు. ఎడమవైపు 8 బిట్, కుడివైపు 10 బిట్. చూశారా? నాకైతే తేడా కనబడలేదు. దగ్గరికి జూమ్ చేశాను, అప్పుడూ లేదు. కాంట్రాస్ట్ కాస్త పెంచితే కూడా రెండూ ఒకేలా నిలబడ్డాయి. ఇక్కడితో ఆపేస్తే "10 బిట్ అంతా మార్కెటింగ్" అని థంబ్‌నెయిల్ పెట్టుకోవచ్చు.

రెండో జత ఎస్-లాగ్ 3లో, అంటే సోనీ వాళ్ల లాగ్‌లో తీసింది. గ్రేడ్ చేయకముందు రెండూ ఒకేలా బూడిదరంగులో చప్పగా ఉన్నాయి. ఇప్పుడు రెండిటికీ ఒకే గ్రేడ్ వేస్తున్నాను... ఎడమవైపు చూడండి. నారింజ నుంచి గులాబీకి మారే చోట పొరలు పొరలుగా విడిపోయింది. కుడివైపు నున్నగానే ఉంది. అదే ఆకాశం, అదే కెమెరా, అదే నిమిషం.

ఇలా ఎందుకయిందో తెలిస్తే మిగతా వీడియో చూడకపోయినా ఫర్వాలేదు. లాగ్ అంటే బాగా చీకటి నుంచి బాగా వెలుగు వరకు అన్నిటినీ ఒకే ఫైల్‌లో ఇరికించే పద్ధతి. అంత ఇరికించాలంటే ఒక్కొక్కరికీ చోటు తగ్గుతుంది. సోనీ ఇచ్చిన ఎస్-లాగ్ 3 సూత్రం ప్రకారం మధ్యస్థ వెలుగుల్లో ఒక స్టాప్‌కి (వెలుగు రెట్టింపైతే ఒక స్టాప్) 10 బిట్‌లో సుమారు 79 మెట్లు దక్కుతాయి. అదే 8 బిట్‌లో సుమారు 20. మామూలు రెక్ 709 (హెచ్‌డీ టీవీ రంగుల ప్రమాణం) ప్రొఫైల్‌లో అదే చోట 8 బిట్‌లోనే 40 దాకా ఉంటాయి. అంటే 8 బిట్‌లో లాగ్ పెట్టిన మరుక్షణం మీ చేతిలోని మెట్లు సగమయ్యాయి. పొద్దుటి ఆకాశంలో మీరు ఫ్రేమ్ చేసిన ముక్కలో వెలుగు తేడా అర స్టాపే అనుకోండి, దానికి పది మెట్లు. ఆ ఆకాశం ఎత్తు వెయ్యి పిక్సెళ్లు అయితే ఒక్కో మెట్టు వంద పిక్సెళ్ల పట్టీ. ఆపైన గ్రేడింగ్‌లో కాంట్రాస్ట్ లాగితే ఆ పట్టీల మధ్య వెలుగు తేడా ఇంకా పెరుగుతుంది. కనబడకుండా ఎలా ఉంటుంది?

టైలర్ జాకెట్టు కుట్టేటప్పుడు లోపల కాస్త గుడ్డ మడిచి వదులుతాడు కదా, 10 బిట్ ఆ గుడ్డ లాంటిది. వేసుకున్నప్పుడు ఎవరికీ కనబడదు. వదులు చేయించాల్సిన రోజున అది ఉంటేనే పని జరుగుతుంది.

"యూట్యూబ్‌లో చివరికి పోయేది 8 బిట్టే కదా, మరి 10 బిట్‌లో తీసి ఏం లాభం?" అని అడిగేవాళ్లకు కూడా ఇదే జవాబు. మామూలు, అంటే హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడా ఎక్కువగా చూపించే పద్ధతి) కాని వీడియో మనందరి ఫోన్లకు 8 బిట్‌లోనే వెళుతుంది, నిజమే. కానీ లాగడం, దిద్దడం అంతా అయిపోయాక చివర్లో 8కి దించితే ఆ 256 మెట్లూ నిండుగా ఉంటాయి. 8 బిట్ లాగ్‌ని లాగితే మధ్యమధ్య మెట్లు ఖాళీగా మిగిలిపోతాయి. హెచ్‌డీఆర్ చేసేవాళ్ల సంగతి వేరు. హెచ్‌డీఆర్10 ప్రమాణమే 10 బిట్ మీద ఉంది. అక్కడ చర్చే లేదు.

ఇదేమీ కొత్త విద్య కాదు. సాలిగ్రామం వైపు వెళ్లినప్పుడు ప్రసాద్ స్టూడియో కనబడుతుంది కదా, మన ఎల్.వి. ప్రసాద్ గారు పెట్టినది. పాత ఫిల్ములను స్కాన్ చేసి బాగుచేసే పనిలో ఆ సంస్థకు పెద్ద పేరు. అలా ఫిల్మ్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి కొడాక్ 1990ల మొదట్లో సినియాన్ అనే పద్ధతి తెచ్చినప్పుడు అందులో పెట్టిందే 10 బిట్ లాగ్. ఒక్కో పిక్సెల్‌కి మూడు రంగులు, పదేసి బిట్లు, మొత్తం 30. కంప్యూటర్‌లో 32 బిట్ల గడిలో కూర్చోబెట్టి రెండు ఖాళీగా వదిలేశారు. లాగ్, 10 బిట్ మొదటి నుంచీ జోడీగానే వచ్చాయన్నమాట. తర్వాత చిన్న కెమెరాల్లో లాగ్‌ని 8 బిట్‌తో కలిపి అమ్మారు. గొడవంతా అక్కడ మొదలైంది. బయటి రికార్డర్ లేకుండా లోపలే 4కె 10 బిట్ 4:2:2 రికార్డు చేసే మిర్రర్‌లెస్ కెమెరా కోసం 2017లో పానసోనిక్ జీహెచ్5 వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

ఇక రాత్రి క్లిప్. అదే బీచ్, చీకటి పడ్డాక, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందన) బాగా పెంచి, 8 బిట్ లాగ్. ఆకాశంలో పట్టీలు వస్తాయనుకున్నారు కదా? రాలేదు. నాయిస్ ఎక్కువగా ఉండటంతో ఆ గింజలే మెట్ల అంచులను చెరిపేశాయి. స్టూడియోల్లో కావాలనే ఇలా కాస్త గింజ కలుపుతారు, దాన్ని డిథరింగ్ అంటారు. ఇప్పుడు ఇదే క్లిప్‌కి నాయిస్ రిడక్షన్ వేస్తున్నాను... అదిగో, పట్టీలు బయటపడ్డాయి. 8 బిట్ ఫుటేజ్‌ని శుభ్రం చేసేటప్పుడు చివర్లో కొంచెం గ్రెయిన్ తిరిగి వేయండి. పైసా ఖర్చు లేని మందు.

అలాగే "4కె 8 బిట్‌ని హెచ్‌డీకి దించితే 10 బిట్ అయిపోతుంది" అని ఒక చిట్కా తిరుగుతోంది. నాలుగు పిక్సెళ్ల సగటు తీస్తే మధ్య విలువలు పుడతాయి కాబట్టి సగం నిజమే. కానీ పట్టీ పడిన చోట ఆ నాలుగు పిక్సెళ్లూ ఒకే అంకె. సగటు తీసినా అదే అంకె వస్తుంది. కావలసిన చోటే పనిచేయదు.

రిసెప్షన్ స్టేజీ మీద ఊదా, నీలం ఎల్ఈడీ లైట్లు పడి పెళ్లికూతురి ముఖం మచ్చలు మచ్చలుగా రావడం పెళ్లి వీడియోలు తీసే వాళ్లందరికీ తెలిసిన తలనొప్పే. దానికి 10 బిట్ మందు అని కొందరు అమ్ముతున్నారు. కాదండీ. అక్కడ నీలం ఛానల్ పూర్తిగా నిండిపోయి ఉంటుంది, లేదా ఆ రంగు రెక్ 709 హద్దు దాటిపోయి ఉంటుంది. నిండిపోయిన దాన్ని ఎన్ని మెట్లుగా కోసినా లోపల ఏమీ లేదు. ముఖం మీదకి ఒక తెల్ల లైట్ తీసుకెళ్లడమే దారి. మండపం వాళ్లతో ఆ మాట ముందే మాట్లాడుకోవాలి. చీకట్లో బాగా తీయడం, డైనమిక్ రేంజ్ (ఒకే ఫ్రేములో పట్టే వెలుగు నీడల హద్దు) పెరగడం కూడా బిట్ల వల్ల రావు, సెన్సార్ వల్ల వస్తాయి.

కొన్నిసార్లు అసలు దోషం ఫైల్‌ది కాదు, మానిటర్‌ది. చవక మానిటర్లలో చాలావరకు 6 బిట్ ప్యానెళ్లే. మెట్ల మధ్య వేగంగా మార్చి 8 బిట్‌లా చూపిస్తాయి. అందులో పట్టీలు కనబడితే కెమెరాని తిట్టకండి. యూట్యూబ్ కంప్రెషన్ కూడా ఆకాశాన్ని చదరాలు చదరాలుగా నలిపేస్తుంది. చదరాలైతే కంప్రెషన్, నున్నటి అంచులతో వంపు తిరిగిన గీతలైతే బిట్లు. ఏది ఏదో పోల్చుకోవడానికి ఇది చాలు.

ఖర్చు సంగతికి వద్దాం. 100 మెగాబిట్లంటే గంటకు 45 జీబీ, 140 అంటే 63 జీబీ. ముహూర్తం, రిసెప్షన్ కలిపి రెండు కెమెరాలతో తీస్తే హార్డ్‌డిస్క్‌ల లెక్క మీరే వేసుకోండి. మెమరీ కార్డు మాత్రం 140కి వీ30 అని రాసినది సరిపోతుంది. ఆల్-ఇంట్రా (ప్రతి ఫ్రేమునూ విడిగా దాచే పద్ధతి) 250 మెగాబిట్లకి వెళ్తేనే వీ60 కావాలి. వీ30 హామీ సెకనుకు 30 మెగాబైట్లు, అక్కడ కావలసింది 31కి పైనే. రిచీ స్ట్రీట్‌లో కార్డు కొనేటప్పుడు డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న వేగం కాదు, ఈ చిన్న వీ పక్కన అంకె చూడండి.

అసలు నొప్పి ఎడిటింగ్‌లో ఉంది. హెచ్.264, హెచ్.265 అనేవి వీడియోను కుదించే పద్ధతులు. హెచ్.264లో 10 బిట్ 4:2:2 ఫైళ్లను ఎన్విడియా కార్డులు 2025లో 50 సిరీస్ వచ్చేదాకా నేరుగా డీకోడ్ చేయలేదు. భారమంతా ప్రాసెసర్ మీద పడి టైమ్‌లైన్ నత్తలా నడుస్తుంది. హెచ్.265 అయితే ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్లు, ఆపిల్ ఎం1 నుంచి పరవాలేదు. మీది పాత ల్యాప్‌టాప్ అయితే ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం తేలికపాటి నకలు ఫైళ్లు) చేసుకోక తప్పదు. 10 బిట్ కెమెరా కొని, దానికోసం కంప్యూటర్ కూడా కొన్నవాళ్లు నాకు తెలుసు.

అందుకే వడపళని తమ్ముడూ, నీ సంగతి ఇదీ. పెళ్లి అయిన వారంలోపు ఆల్బమ్, వీడియో ఇచ్చేయాలంటావు, గ్రేడింగ్‌కి టైమ్ లేదంటావు. అయితే కెమెరా అమ్మకు. లాగ్ ఆపేసి మామూలు ప్రొఫైల్‌కి రా. కాంట్రాస్ట్ కాస్త తగ్గించు. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకుండా హాల్లోనే సెట్ చెయ్. పట్టుచీర జరీ మాడిపోకుండా జీబ్రా (వెలుగు మితిమీరిన చోట గీతలు చూపించే సెట్టింగ్) పెట్టుకో. 8 బిట్‌లో తర్వాత దిద్దడానికి చోటు తక్కువ కాబట్టి తీసేటప్పుడే సరిగ్గా తీయాలి. 2008లో వచ్చిన కానన్ 5డి మార్క్ 2 తీసింది కూడా 8 బిట్టే, దానితో ఎంతమంది ఎన్నేళ్లు అన్నం తిన్నారో నీకు తెలుసు. ప్రీ-వెడ్డింగ్ షూట్లు ఈసీఆర్‌లో (ఈస్ట్ కోస్ట్ రోడ్) సముద్రం పక్కన, సినిమా రంగుల్లో అడిగేవాళ్లు పెరిగితే అప్పుడు ఆ రోజుకి 10 బిట్ బాడీ అద్దెకి తీసుకో. ఆ పనే ఎక్కువైతే అప్పుడు కొను.

బీచ్‌లో తీసిన ఫైళ్లు కింద లింక్‌లో పెట్టాను. రెండు జతలూ ఉన్నాయి, గ్రేడ్ చేయనివి. ఫోన్‌లో కాకుండా డౌన్‌లోడ్ చేసి, కంప్యూటర్‌లో 100 శాతం సైజులో చూడండి. మామూలు ప్రొఫైల్ జతకి మాత్రం కావాలనే ఏ, బీ అని పేర్లు పెట్టాను. ఏది 10 బిట్టో ఫైల్ వివరాలు చూడకుండా చెప్పగలిగినవాళ్లు కామెంట్‌లో రాయండి, ఎక్కడ తేడా కనబడిందో కూడా చెప్పండి.