పాట నేర్పే పని: శ్రీపాద పినాకపాణి జయంతి సభలో మాట్లాడింది

సభకు నమస్కారం. వేదిక మీద పెద్దలు చాలామంది ఉన్నారు. పేరుపేరునా చెప్పాలనే ఉంది కానీ, పోయినసారి పేర్లు చదివేసరికే నాకిచ్చిన టైమ్ సగం అయిపోయింది. అందుకని అందరికీ కలిపి ఒకటే నమస్కారం. శాలువాలు చివర్లో చూసుకుందాం. పిల్లలు పాడాల్సి ఉంది.

ఈరోజు ఆగస్టు 3. కర్ణాటక సంగీత గురువు పినాకపాణి గారు 1913లో ఇదే రోజున, ఇప్పటి శ్రీకాకుళం జిల్లా ప్రియాగ్రహారంలో పుట్టారు. 2013 మార్చి 11న కర్నూలులో పోయారు. ఇంకో ఐదు నెలలుంటే నూరేళ్ళు నిండేవి. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి డాక్టరయ్యారు. వైద్యం నేర్పే ప్రొఫెసరయ్యారు. కర్నూలు మెడికల్ కాలేజీలో రిటైరై ఆ ఊళ్ళోనే ఉండిపోయారు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1983లో సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది, మరుసటి ఏడు పద్మభూషణ్ వచ్చింది. ఇవన్నీ ఆహ్వాన పత్రికలో ఉన్నాయి, చూసుకోండి.

ఆ పత్రికతోనే నాకు పేచీ. 'వైద్యం వృత్తి, సంగీతం సరదా' అని వేశారు. వేసిన కుర్రాణ్ణి అనడం లేదు, పేపర్లవాళ్ళూ అలాగే రాస్తారు. అయ్యా, సరదాకి పాడుకునే మనిషి దగ్గర నేదునూరి కృష్ణమూర్తి లాంటి విద్వాంసుడు తయారవుతారా? వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ, శ్రీరంగం గోపాలరత్నం, వీళ్ళంతా ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే. నేదునూరి గారికి కూడా 1991లో సంగీత కళానిధి వచ్చింది. ఆ తర్వాత మల్లాది సూరిబాబు గారు, వారి అబ్బాయిలు మల్లాది సోదరులు. తండ్రికీ చెప్పారు, కొడుకులకీ చెప్పారు. నలభై ఏళ్ళు ఆంధ్రదేశంలో రేడియో పెడితే వినిపించిన శాస్త్రీయ సంగీతంలో ఆ ఇంటి పాట ఎంత ఉందో, నా ఈడు వాళ్ళని అడగండి, చెబుతారు.

ఆయన మాత్రం కచేరీలు తక్కువే చేశారు. నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. మన దగ్గర ఒక లెక్క ఉంది: గొంతు బాగుంటే కచేరీలు, అవి దొరక్కపోతే పాఠాలు. పాట చెప్పే మనిషి అంటే ఏదో అందక ఆగిపోయిన మనిషని చూపు. పెళ్ళిళ్ళలో నన్ను పరిచయం చేసేటప్పుడు ఆ చూపు నాకు బాగా తెలుసు. 'మ్యూజిక్ టీచర్' అనగానే 'ఓహో, మరి టీవీలో పాడారా?' అంటారు. పినాకపాణి గారికి పాడటం చేతకాక నేర్పలేదు. పెద్ద పెద్ద విద్వాంసులే ఆయన పాట వినడానికి ఎదురుగా కూర్చునేవారు. నేర్పడం తన పని అనుకున్నారు, నేర్పారు. జీతం ఆసుపత్రి ఇచ్చింది కాబట్టి పాటని అమ్ముకోవాల్సిన అవసరం లేకపోయింది, అది కూడా ఒప్పుకోవాలి. మన బడిపంతుళ్ళకి ఆ వెసులుబాటు లేదు.

ఆయన నేర్పింది ఏమిటంటే... వెనక వరస కుర్రాళ్ళూ, ఫోన్లు కాసేపు జేబులో పెట్టండి, ఇది మీకే. తోడి రాగం ఉంది. అందులో గాంధారం అనే స్వరాన్ని పుస్తకంలో 'గ' అని ఒక్క అక్షరం రాస్తారు. ఆ అక్షరాన్ని హార్మోనియం మీద నొక్కండి, తోడి రాదు. ఎందుకంటే ఆ గాంధారం ఒక చోట నిలబడదు, కింద రిషభాన్నీ పైన మధ్యమాన్నీ తాకుతూ ఊగుతుంది. ఎంత ఊగాలి, ఎక్కడ ఆపాలి అన్నది చెవికే తెలియాలి. స్వరం ఇలా ఊగడాన్నే గమకం అంటారు. తంజావూరు వైపు విద్వాంసుల పాటలోని ఈ గమకాల సొగసుని ఆయన విని విని, విడదీసి చూసుకుని, మన తెలుగు గొంతుల్లోకి ఎక్కించారు. మెడికల్ కాలేజీలో ప్రొఫెసరు పిల్లల్ని రోగి మంచం పక్కన నిలబెట్టి, స్టెతస్కోపు చెవిలో పెట్టి, 'ఏం వినపడుతోంది?' అని అడుగుతాడు. పాట దగ్గర కూడా ఆయనది అదే పద్ధతని నా నమ్మకం. గొంతు కంటే ముందు చెవి.

అంతటితో ఊరుకోలేదు. 'సంగీత సౌరభం' అని నాలుగు సంపుటాలు, కీర్తనలకి గమకాలతో సహా స్వరం రాసి పెట్టారు. తిరుమల తిరుపతి దేవస్థానం వాళ్ళు అచ్చు వేశారు. కాగితం మీద గమకం పూర్తిగా పట్టదని అంత నేర్పినాయనకి తెలియకపోతుందా? గురువు దొరకని ఊళ్ళో పిల్లలకి ఆ మాత్రం ఆసరా అయినా ఉంటుందని నేను అనుకుంటాను. మనవి అలాంటి ఊళ్ళే కదా.

ఊళ్ళంటే గుర్తొచ్చింది. నేను పనిచేసిన ఒక బడిలో వారానికి రెండు సంగీతం పీరియడ్లు ఉండేవి. ఒక జూన్‌లో బడి తెరిచేసరికి టైమ్ టేబుల్లో అవి లేవు, లెక్కలకి ఇచ్చేశారు. అడిగితే 'పదో తరగతి రిజల్ట్స్ మేడమ్, టెన్షన్‌గా ఉంది' అన్నారు. నన్ను లైబ్రరీ బీరువాల తాళాలు చూసుకోమన్నారు. చూసుకున్నాను. ఆ బీరువాలో సౌరభం ఒకటో సంపుటం దొరికింది, ఎవరూ తెరిచిన జాడ లేదు, పేజీలు ఇంకా అంటుకునే ఉన్నాయి! లెక్కల మీద నాకు కోపం లేదు. ఆదితాళం ఎనిమిది అక్షరాలు వేళ్ళ మీద వేస్తూ రెండో కాలం, మూడో కాలం, అంటే రెండింతలు, నాలుగింతల వేగంలో పాడే పిల్లకి లెక్కలు రావని ఎవరన్నారు? వైద్యం చదివిన మనిషికి సంగీతం అడ్డమొచ్చిందా? సభ పెట్టింది ఆ మనిషి పేరు మీదే కదా!

సరే, టైమ్ అయిందని చీటీ పంపారు. ఒక్క మాట చెప్పి కూర్చుంటాను. హైస్కూల్ హెడ్మాస్టరు గారు ముందు వరసలోనే ఉన్నారు. అయ్యా, మీ బడిలో వారానికి ఒక్క పీరియడ్ ఇవ్వండి. శనివారం ఆఖరి పీరియడ్ అయినా సరే, పిల్లలు ఇంటికి పోదామని బ్యాగులు సర్దుకునే టైమ్ అయినా సరే. జీతం అక్కర్లేదు. తంబురా నేనే తెచ్చుకుంటాను. మా దగ్గర నేర్చుకున్న అమ్మాయిలు ఇద్దరు వంతులవారీగా వస్తామన్నారు. ఆలోచించి చెబుతానంటారేమో, ఇంతమంది ముందు అడిగింది అందుకే. తల ఊపారు, నేను చూశాను. సెక్రటరీ గారూ, ఇది మినిట్స్ బుక్కులో రాయండి.