ఆ ఒక్క హిట్ రాలేదు: ఇచిరో ఆఖరి రాత్రి

దృశ్యం: టోక్యో డోమ్ బేస్‌బాల్ స్టేడియం, రాత్రి. తెర మీద తేదీ: 2019 మార్చి 21.

వాయిస్: బంతి షార్ట్‌స్టాప్ వైపు, అంటే రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్ వైపు, నెమ్మదిగా దొర్లింది. 45 ఏళ్ల మనిషి బ్యాట్ వదిలేసి మొదటి బేస్ వైపు పరుగందుకున్నాడు. స్టేడియంలో 46 వేల మందికి పైగా ఉన్నారు. అందరి చూపూ ఆ కాళ్ల మీదే. షార్ట్‌స్టాప్ మార్కస్ సెమియన్ బంతి అందుకుని విసిరాడు. వెంట్రుకవాసి తేడా. ఔట్!

జపాన్ బేస్‌బాల్ ఆటగాడు ఇచిరో సుజుకి బ్యాటింగ్ చేయడం అదే ఆఖరు. ఈ వీడియో చేసేటప్పుడు ఆ పరుగుని ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశానో లెక్కలేదు. చూసిన ప్రతిసారీ ఈసారి చేరిపోతాడేమో అనిపిస్తుంది.

దృశ్యం: బేస్‌బాల్ మైదానం బొమ్మ. బ్యాటర్ నుంచి మొదటి బేస్ దాకా ఎర్ర గీత.

వాయిస్: బేస్‌బాల్ చూసే అలవాటు లేనివాళ్ల కోసం ఒక్క విషయం చెప్తాను. క్రికెట్‌లో బంతిని ఆపి, పరుగు వద్దనుకుంటే క్రీజులోనే ఉండిపోవచ్చు. ఇక్కడ అలా కుదరదు. బంతి గీతల లోపల పడిందంటే పరుగెత్తి తీరాలి. 90 అడుగులు, అంటే సుమారు 27 మీటర్లు. నేల మీద పడిన బంతిని ఫీల్డర్ తీసి మొదటి బేస్‌కి విసిరేలోపు మనిషి చేరాలి. అలా చేరితే హిట్. పదిసార్లలో మూడుసార్లు హిట్ కొట్టినవాడిని గొప్ప బ్యాటర్ అంటారు.

ఇచిరో బంతి విసిరేది కుడిచేత్తో, బ్యాటింగ్ మాత్రం ఎడమచేతి వాటం. ఎడమ వాటం బ్యాటర్ నిలబడే చోటు మొదటి బేస్‌కి ఒకటి రెండు అంగలు దగ్గర. పైగా బ్యాట్ ఊపుతూనే అతని ఒళ్లు పరుగులోకి వెళ్లిపోయేది. వేరేవాళ్లు తేలిగ్గా ఔటయ్యే బంతుల మీద ఇతను హిట్లు సంపాదించాడు. బంతిని స్టాండ్స్‌లోకి కొట్టే హోమ్ రన్ల మోజు ఉన్న రోజుల్లో అమెరికా జనాన్ని ఈ పరుగుతో కట్టిపడేశాడు.

దృశ్యం: కోబే నగరం, 1995.

వాయిస్: అయితే జపాన్ వాళ్ల ప్రేమ అమెరికా కంటే ముందుది. 1995 జనవరి 17న కోబేలో భూకంపం వచ్చింది. 6 వేల మందికి పైగా చనిపోయారు. ఇచిరో ఆడే ఒరిక్స్ బ్లూవేవ్ ఆ ఊరి జట్టే. 'గంబారో కోబే' అని చొక్కా చేతుల మీద రాసుకుని ఆడారు. గట్టిగా నిలబడదాం కోబే, అని. ఆ ఏడాదే లీగ్ గెలిచారు, మరుసటి ఏడాది జపాన్ సిరీస్ గెలిచారు. ఇళ్లు పోయినవాళ్లు ఆ ఆటలు చూశారు. అలాంటి ఆటగాడిని జనం సొంత మనిషి అనుకోరూ మరి!

దృశ్యం: సియాటెల్ స్టేడియం. కుడివైపు స్టాండ్స్‌లో ఇచిరో చొక్కా నంబరు 51తో బ్యానర్లు.

వాయిస్: 2001లో అమెరికా జట్టు సియాటెల్ మెరినర్స్‌కి వెళ్లాడు. జపాన్ నుంచి పిచర్లు, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేవాళ్లు, కాకుండా ఫీల్డింగ్, బ్యాటింగ్ చేసే ఆటగాడు అమెరికాలో నెగ్గుకొస్తాడా అని చాలామందికి అనుమానం. మొదటి ఏడాదే 242 హిట్లు. వరసగా పది సీజన్లు 200కి తగ్గలేదు. 2004లో 262 హిట్లతో, పాతతరం అమెరికా ఆటగాడు జార్జ్ సిస్లర్ 1920లో పెట్టిన ఒక సీజన్‌లో 257 హిట్ల రికార్డుని దాటాడు. ఆ రికార్డు దాటిన రాత్రి సిస్లర్ కుటుంబం స్టాండ్స్‌లో ఉంటే, ఆట మధ్యలోనే వాళ్ల దగ్గరికి వెళ్లి తల వంచి చేతులు కలిపాడు. 2009లో సెయింట్ లూయిస్ వెళ్లినప్పుడు సిస్లర్ సమాధి మీద పూలు పెట్టి వచ్చాడు. అభిమానులు హిట్ల లెక్కతో పాటు ఇది కూడా చెప్పుకుంటారు. నాకైతే ఇదే ఎక్కువ గుర్తుంది.

సియాటెల్‌లో ఒక అభిమాని అతని హిట్లు లెక్కబెట్టే బోర్డు పట్టుకుని స్టాండ్స్‌లో కూర్చునేది. హిట్ పడగానే అంకె మారేది. అమెరికాలో మొత్తం 3,089. జపాన్‌లోని 1,278 కలిపితే 4,367.

దృశ్యం: మళ్లీ టోక్యో డోమ్.

వాయిస్: టోక్యోలో జనం అడిగింది ఇంకొక్క హిట్టే. రెండు రోజుల్లో ఒక్క హిట్ కూడా రాలేదు. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్ ఉండే ఆటలో, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఫీల్డింగ్‌కి వెళ్లాక మేనేజర్, అంటే జట్టు కోచ్, అతన్ని వెనక్కి పిలిచాడు. తోటి ఆటగాళ్లు ఒక్కొక్కరే కౌగిలించుకున్నారు. ఆ రోజే మెరినర్స్ తరఫున మొదటి మ్యాచ్ ఆడుతున్న యుసెయ్ కికుచి వెక్కివెక్కి ఏడ్చాడు. డీ గోర్డన్ కూడా ఏడ్చాడు. తర్వాత గోర్డన్ సియాటెల్ టైమ్స్ పత్రికలో పేజీ మొత్తం కొని, ఇచిరోకి థాంక్స్ చెప్తూ ఉత్తరం వేయించాడు.

ఇలాంటి వీడ్కోలు అందరికీ దక్కదు. మన హైదరాబాద్‌లోనే, 2012 ఆగస్టులో ఉప్పల్ టెస్టుకి కొద్ది రోజుల ముందు వీవీఎస్ లక్ష్మణ్ రిటైర్మెంట్ ప్రకటించాడు. జట్టులో పేరుంది, ఊరు సొంతూరు, కానీ ఆడలేదు. మనకి నిలబడి చప్పట్లు కొట్టే అవకాశం రాలేదు. అందుకేనేమో టోక్యో దృశ్యాలు చూస్తే నాకు గొంతు పట్టేస్తుంది.

స్కోర్లు సమమై ఆట 12 ఇన్నింగ్స్ సాగింది, మెరినర్స్ గెలిచారు. అయినా జనం కదల్లేదు. మైదానం ఖాళీ. ఇచిరో పేరు పిలుస్తూ సీట్లలోనే ఉండిపోయారు. చాలాసేపటికి అతను బయటికి వచ్చాడు. చెయ్యెత్తి, మైదానం చుట్టూ నడిచాడు.

అర్ధరాత్రి వేళ ప్రెస్ మీట్. గంటకు పైగా మాట్లాడాడు. చింత ఏమైనా మిగిలిందా అని అడిగారు. ఇందాక స్టేడియంలో చూసిన దాని తర్వాత చింత ఎక్కడ ఉంటుంది, అన్నాడు. విలేకరులు ఇంకా అడుగుతూనే ఉన్నారు. ఆకలేస్తోందని చెప్పాడు.