తాత చిట్టా పుస్తకంలో ఆయన కథ ఎవరిది?

నమస్తే అండీ. ఇది మా తాత బీరువాలో దొరికిన చిట్టా పుస్తకం. మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపిన మనిషి. ముందు నుంచి తిప్పితే వడ్ల లెక్కలు, వెనక నుంచి తిప్పితే ఆయన సొంత కథ. బతికుండగా ఎవరికీ చూపించలేదు.

[తెర మీద: పేజీ దగ్గరగా, వేలు ఒక మాట మీద]

ఇక్కడ చూడండి. మొదటి బేరం "140 హాలి" అని రాసుకున్నాడు. మా తమ్ముడు టైప్ చేస్తూ దాన్ని "140 రూపాయలు" చేశాడు. హాలి అంటే నిజాం సిక్కా. ఏడు హాలి రూపాయలిస్తే ఆరు ఇండియా రూపాయలు వచ్చేవి. అంటే ఆ బేరం 120 రూపాయలది! ఒక్క మాట సాపు చేస్తే తాత లెక్కే తప్పిపోయింది. అందుకే చెప్తున్నా, ఇంట్లో ఇలాంటివి ఉంటే ముందు ఉన్నదున్నట్టు ఫొటోలు తీయండి. టైపింగ్ తర్వాత.

అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ సంగతి చూడండి. ఆత్మకథ రాస్తూ రాస్తూ 1914లో యుద్ధం రాగానే పక్కన పెట్టేశాడు. 1919లో పోయాడు. మరుసటి ఏడు భార్య లూయిస్ ముందుమాటతో అది అచ్చయింది. పుస్తకం చివర్లో జర్మనీ చక్రవర్తి లోకానికి శాంతి తెస్తాడని ఎంతో ఆశపడ్డాడు. ఆ వెంటనే, యుద్ధం చూసి కుమిలిపోతూనే, ఆశ వదులుకోలేక రాసిన నాలుగు మాటలు. అక్కడితో రాత తెగిపోయింది. అచ్చు వేసినవాళ్లు ముగింపు అతికించలేదు, తెగిన చోటే వదిలేశారు. నాకైతే ఆ పుస్తకంలో అన్నిటికన్నా నిజమైన పేజీ అదే.

ఇక హక్కుల మాట. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, అచ్చు కాని రాతప్రతిని వీలునామాలో ఎవరికి రాస్తే, వేరేగా చెప్పకపోతే కాపీరైట్ కూడా వాళ్లకే వెళ్తుంది. రాసినాయన పోయాక మొదటిసారి అచ్చయితే, ఆ ఏడాది దాటినప్పటి నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. వీలునామా లేకపోతే వారసులందరిదీ. కాబట్టి అచ్చుకు ఇచ్చేముందు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూర్చుని మాట్లాడుకోండి.

[తెర మీద: చివరి పేజీ]

మా తాత ఇక్కడ ఒక వాటాదారు పేరు రాసి, దాని మీద సిరాతో గట్టిగా కొట్టేశాడు. వెలుగుకు పట్టి చూస్తే చదవొచ్చేమో. మా నాయన వద్దన్నాడు. మేం ఇంకా చూడలేదు.